దొరువు నీళ్ళ పెరడు

మా పెరటి సంగతి చెప్పాలంటే మొక్కలకన్నా ముందు నీళ్ళ సంగతి చెప్పాలి. కావలికి తూర్పున, తుమ్మలపెంట సముద్రపు ఒడ్డుకు పోయే దారికి అటూ ఇటూ ఉన్న ఊళ్ళలో చాలావాటికి నేలంతా ఇసుకే. మాదీ అందులో ఒక ఊరు. ఆ నేలలో పాదు తీయడానికి గడ్డపార అక్కరలేదు, చేతులతో తోడినా మోచేతి దాకా దిగుతుంది. కాకపోతే పోసిన నీళ్ళు, వేసిన ఎరువు కూడా అంతే సులువుగా దిగిపోతాయి. ఇంటి వెనక మాకున్న స్థలం ఇరవై సెంట్లకు మించదు. ఆ కాస్త చోటులోనే ఇంటిల్లిపాదికీ ఏడాదిలో ఎక్కువ రోజులు కూర, పులుసు, పచ్చడి గడిచిపోయేవంటే అందుకు కారణం పెరటి తూర్పు మూలన ఉన్న దొరువు.

మెట్ట ప్రాంతాల వాళ్ళకు దొరువును చూసే అవకాశం ఉండదు కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. అది బావీ కాదు, కుంటా కాదు. మనిషి రెండు చేతులా బిందెలు పట్టుకొని నడిచి దిగేటట్లు ఇసుకలో ఒకవైపు వాలుగా తవ్విన గుంట. ఒడ్డు విరిగి పడకుండా సరుగుడు కట్టెలు దిగగొట్టి, వాటి వెనక తాటిమట్టలు అడ్డం పెట్టేవారు. కార్తీక మాసంలో నాలుగు అడుగులు దిగితే నీళ్ళు అందేవి. రోహిణి కార్తె నాటికి అవి నిలువెత్తు లోతుకు పోయేవి. సముద్రానికి అంత దగ్గరలో కూడా ఆ నీళ్ళు తియ్యగా ఉండడం మొదటిసారి చూసిన చుట్టాలకు వింతగా ఉండేది. ఇసుకలో ఇంకిన వాననీరు ఉప్పునీటికన్నా తేలిక కాబట్టి, అడుగునున్న ఉప్పునీటి మీద పలచటి పొరగా తేలి నిలుస్తుంది. దొరువు ఆ పైపొర దాకానే దిగుతుంది. నీళ్ళు చాలలేదని ఇంకాస్త లోతు చేస్తే, ఉన్న తీపినీరు కూడా చెడి ఉప్పగా మారుతుంది. అందుకే మా వైపు నీటి ఎద్దడి వచ్చినప్పుడు దొరువును లోతు చేసేవారు కాదు, పక్కన ఇంకొకటి తవ్వేవారు. బాపట్ల వ్యవసాయ పరిశోధకులు తర్వాతి కాలంలో ఇసుకలో అడ్డంగా చిల్లుల గొట్టాలు పరిచి పైనీటిని మాత్రమే బావిలోకి రాబట్టే మెరుగైన దొరువులను రూపొందించింది కూడా ఈ లెక్క మీదనే. మా అవ్వకు ఆ శాస్త్రమంతా తెలియకపోయినా, పొద్దున తోడినన్ని నీళ్ళు పొద్దుగూకే లోపల తిరిగి ఊరకపోతే మరునాడు సగమే తోడాలన్న కట్టడి మాత్రం ఇంట్లో అందరికీ పెట్టింది.

నీళ్ళు మోయడం పిల్లల పని, పోయడం అవ్వ పని. బిందెతో కుమ్మరిస్తే ఇసుక ఎగిరి మొదళ్ళు బయటపడతాయని ఆమె ముంతతో, అరచేయి అడ్డం పెట్టి, వేళ్ళ సందుల్లోంచి పోసేది. ఆమెకు ఒంట్లో బాగాలేని రోజున ఆ ముంత మా చేతికి వచ్చేది గానీ, ఆమె చూపు నుంచి మాత్రం తప్పించుకోలేకపోయేవాళ్ళం. "ఏందిరా అబ్బయ్యా, నీళ్ళు పోస్తుండావా, మొక్కను ముంచుతుండావా?" అని పంచలో కూర్చొనే కేకేసేది. వంగకు ఒక ముంత, బెండకు అర ముంత, సొరపాదుకు అడిగినన్ని. సొర ఎప్పుడు అడుగుతుందో ఆకును బట్టి ఆమెకు తెలిసేది. మధ్యాహ్నం వాడిన ఆకును ఆమె లెక్కలోకి తీసుకునేది కాదు, ఎండకు సొరాకు ఎలాగూ వాడుతుంది. పొద్దున్నే వాడి ఉంటేనే దప్పికగా ఉన్నట్టు.

ఇసుకలో నీటిని నిలిపే పని మా నాయనది. వేసవిలో చెరువులు ఎండినప్పుడు పూడికమట్టిని బండ్ల మీద తోలించి, ప్రతి పాదు అడుగునా జానెడు మందాన పరిచి, దాని మీద మాగిన పశువుల పెంట, వేరుశనగ పొట్టు కలిపి నింపేవాడు. ఆ బంకమట్టి పొర ఉన్న పాదులో నీళ్ళు రెండో రోజుకు కూడా తడిగా ఉండేవి, లేని పాదులో మధ్యాహ్నానికే పొడి. అయినా మూడు నాలుగేళ్ళకు మట్టి అంతా ఇసుకలో కలిసిపోయి మళ్ళీ మొదటికి వచ్చేది. పెరట్లో మా నాయన పెట్టిన ఖర్చు ఏదైనా ఉందంటే అది ఈ బండ్ల కూలే. ఆ డబ్బుతో కావలి మార్కెట్లో కూరగాయలు కొంటే ఏడాదంతా తినవచ్చని మా పెదనాయన ఎప్పుడూ ఎత్తిపొడిచేవాడు. లెక్క చూస్తే ఆయన మాటే నిజమనుకుంటాను. కానీ పెరట్లో పండిన మొదటి వంకాయలు ఆయన ఇంటికి చేరకపోతే మాత్రం ఊరుకునేవాడు కాదు.

తొలకరికి విత్తనాలు వేయమని పంచాంగాలు, పత్రికలు చెప్పే మాట మా పెరటికి సరిపడేది కాదు. మృగశిర, ఆరుద్ర కార్తెలలో మాకు రెండు జల్లులు పడి దుమ్ము అణిగితే అదే గొప్ప. నెల్లూరు జిల్లాకు ఏడాదిలో కురిసే వానలో సగానికి పైగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాల కాలంలోనే పడుతుంది. చిత్త, స్వాతి కార్తెలు వచ్చేసరికి మొక్కలు నాలుగు ఆకులు తొడిగి, వేరు పట్టి ఉండాలి. మరీ లేతగా ఉంటే ఆ వానకు కుళ్ళిపోతాయి, మరీ ముదిరి ఉంటే గాలికి విరిగిపోతాయి. అందువల్ల ఆషాఢంలో చిక్కుడు, శ్రావణంలో వంగ నారు, భాద్రపదంలో బెండ, గోరుచిక్కుడు దొరువు నీళ్ళతో మొదలుపెట్టి, వానలకు అప్పజెప్పేవాళ్ళం. బీర, దోస మాత్రం వానలు తగ్గాక, అవి నింపిపోయిన నీళ్ళతో.

చిక్కుడుకు ఆషాఢమే ఎందుకన్నది ఒక ఏడాది అనుభవంతో గాని మాకు అర్థం కాలేదు. ఉదయగిరి వైపు నుంచి మా పెద్దమ్మ తెచ్చిన ఎర్ర అంచు చిక్కుడు గింజలు చూడముచ్చటగా ఉన్నాయని, ఆషాఢం దాకా ఆగలేక మా అమ్మ మాఘమాసంలోనే పాదు పెట్టింది. తీగ వేసవి అంతా పెరిగింది. పందిరి నిండి, పక్కనున్న వేపచెట్టు ఎక్కి, పాక మీదికి పాకి, ఇంటికి చల్లటి నీడనిచ్చింది గానీ ఒక్క పువ్వు పూయలేదు. చూసిన వాళ్ళు దిష్టి తగిలిందన్నారు. ఆశ్వయుజంలో ఒకనాడు అవ్వ కొడవలి పట్టుకొని పోయి, ఇక కాయకపోతే మొదలు నరుకుతానని పాదును గట్టిగా బెదిరించి వచ్చింది. కార్తీకంలో అది విరగబూసింది. పాత చిక్కుడు రకాలకు పగటి పొద్దు తగ్గితేనే పూత వస్తుందని, వేసవిలో వాటిని ఎంత పెంచినా ఆకే తప్ప కాయ రాదని నేను చాలా ఏళ్ళ తర్వాత చదువుకున్నాను. ఆ మాట చెప్పినప్పుడు అవ్వ ఒప్పుకోలేదు. ఊళ్ళో ఎవరి పాదు కాయకపోయినా ఆమెను పిలిపించుకొని బెదిరింపించుకునే పద్ధతి అప్పటికే స్థిరపడి ఉంది; వాళ్ళు పిలిచేది ఎక్కువగా దీపావళి ముందు కాబట్టి ఆమె మాట పెద్దగా తప్పేది కూడా కాదు.

బీరపాదు పని మాత్రం నాకు ఇష్టమైనది. బీరపువ్వు పొద్దున విచ్చదు. సాయంత్రం ఎండ తగ్గి, సముద్రపు గాలి మొదలయ్యే వేళకు పసుపుపచ్చగా తెరుచుకుంటుంది. మొదట కొన్నాళ్ళు గుత్తులు గుత్తులుగా వచ్చేవన్నీ మగపూలే, వాటిని చూసి సంబరపడితే కాయలు రావు. ఆ తర్వాత ఒంటరిగా, కింద వేలెడు పిందెతో ఆడపువ్వు వస్తుంది. ఆ పిందెకు అప్పుడే గీతలు ఉంటాయి, చేత్తో తడిమితే సన్నటి నూగు తగులుతుంది. ఆ రాత్రి రెక్కల పురుగు వాలి పుప్పొడి అంటిస్తే పిందె నిలుస్తుంది. లేకపోతే రెండు రోజుల్లో కొన నుంచి పసుపు తిరిగి, మెత్తబడి రాలిపోతుంది. గాలి ఎక్కువగా ఉన్న రోజుల్లో మా పాదుకు పురుగులు రాక పిందెలు రాలుతున్నాయని గమనించిన మా నాయన, ఆ పని నాకు నేర్పించాడు. దీపాలు పెట్టే వేళకు లాంతరు పట్టుకొని పోయి, మగపువ్వు ఒకటి తుంచి, దాని రెక్కలు వెనక్కి ఒలిచి, మిగిలిన పసుపు బొడిపెను ఆడపువ్వు నడిమిన మెల్లగా తిప్పాలి. వేలికి అంటిన పుప్పొడి లాంతరు వెలుగులో బంగారు పొడిలా మెరిసేది. చేసిన పువ్వుకు గుర్తుగా తొడిమ దగ్గర దారప్పోగు ముడివేసేవాడిని. మూడో పొద్దుకు ముడివేసిన పిందె కిందికి వంగి, రంగు ముదిరి కనిపిస్తే ఇక ఆ కాయ మాదే. అలా కాయించిన కాయలన్నింటికీ పండు ఈగ పోటు తగిలి, లోపల తెల్లపురుగులు పడిన ఏడాదీ ఉంది. అప్పటి నుంచి పిందెకు పాత గుడ్డ సంచి తొడగడం మొదలుపెట్టాం. రంగురంగుల సంచులు వేలాడే ఆ పందిరిని చూసి దారిన పోయేవాళ్ళు మొక్కుబడి అనుకునేవారు.

వంగతోటలో అవ్వ తిరిగే వేళ వేరు. తెల్లవారి, మంచు ఇంకా ఆకుల మీద ఉండగానే ఆమె వరుసల మధ్య వంగి నడిచేది. ఒక మొక్కంతా పచ్చగా నిక్కబొడుచుకొని ఉండి, ఒక్క చిగురు మాత్రం మెడ వాలేసి ఉంటే అది నీళ్ళు లేక వాడింది కాదు. ఆ చిగురును వాడిన చోటుకు రెండు వేళ్ళ కిందికి తుంచి, గోటితో నిలువునా చీలిస్తే లోపల సన్నటి సొరంగం, దాని చివర లేత గులాబి రంగు పురుగు, దాని వెనక నల్లటి పెంటికలు. అది కొమ్మలో పెరిగి, తర్వాత కాయలోకి తొలుచుకొని పోతుంది. కాయలోకి పోయిందంటే చేసేదేమీ లేదు, కోసినప్పుడే బయటపడుతుంది. చీల్చిన చిగుళ్ళన్నీ కొంగులో పోసుకొని తెచ్చి ఆమె కోళ్ళకు వేసేది. ఆమె ఈ పని మానిన వారం కోసిన వంకాయల్లో సగం పుచ్చులే. మందుల దుకాణంలో ఇచ్చిన సీసా మందు కొట్టిన ఏడు కూడా పుచ్చులు అన్నే వచ్చాయి, పైగా బీరపూల మీద వాలే పురుగులు కనబడకుండా పోయాయి. ఆ సీసాను నాయన మళ్ళీ తేలేదు. పేనుబంకకు బూడిద, ఆకుముడతకు వేపగింజల కషాయం వాడేవాళ్ళం. బూడిద పని చేసేది, కషాయం ఒక్కోసారి చేసేది.

మిగతావాటి సంగతి త్వరగా చెప్పేయవచ్చు. పొట్లకాయలకు కొనన రాయి కట్టి వేలాడదీస్తే తిన్నగా సాగేవి. కట్టడం మరిచిపోయినవి మెలికలు తిరిగేవి, రుచిలో తేడా ఏమీ లేదు. బెండ మొక్కలకు ఏటా ఈనెలు పసుపుపచ్చగా మారే పల్లాకు తెగులు వచ్చేది. తెల్లదోమ మోసుకొచ్చే ఆ తెగులుకు మందు లేదు, మొక్కను పీకేయడమే. బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ వాళ్ళ అర్కా అనామిక విత్తనం వచ్చాక ఆ బాధ చాలా తగ్గింది. మునగచెట్టు మొదలు మీద వానాకాలం గొంగళిపురుగులు గుంపుగా చేరితే తాటాకు కాగడాతో కాల్చేవారు, ఆ రోజు పిల్లలెవరినీ పెరట్లోకి రానిచ్చేవారు కాదు. నిమ్మచెట్టు మాత్రం మాకు అచ్చి రాలేదు. పొదలకూరు, గూడూరు వైపు ఎర్రనేలల్లో బస్తాలకొద్దీ కాసే నిమ్మ, మా ఇసుకలో నాలుగు కాయలు చూపించి, ఆకు అంచులు మాడ్చుకొని ఎండిపోయేది. మా అమ్మ పట్టు విడవకుండా ఎన్నిసార్లో నాటింది.

పెరట్లో నిజమైన ఇబ్బంది పంట పోయినప్పుడు కాదు, విరగకాసినప్పుడు వచ్చేది. పురుగు పట్టి వంగ పోయిందంటే ఆ పూట పప్పు చేసుకొని మరిచిపోతాం. అదే మాఘమాసంలో దోస ఒక్కసారిగా పండిందంటే నెల రోజులు కంచంలోంచి పోదు. ఇసుకనేల దోసకు బాగా నచ్చుతుంది. తీగలు నేలంతా అల్లుకొని, పొద్దున చూసినప్పుడు కనిపించని కాయ సాయంత్రానికి పండి పగిలి ఉండేది. దోసకాయ పప్పు, దోసకాయ పులుసు, కాల్చిన దోసకాయ పచ్చడి, దోసావకాయ, ఎండురొయ్యలు వేసి దోసకాయ కూర. వాకిట్లో చాపల మీద దోస వరుగులు, మిద్దె మీద ఇంకొన్ని. వీధిలో ఏ ఇంటికి తీసుకుపోయినా వాళ్ళ పెరట్లోనూ అదే కాపు కాబట్టి, "మా గంపను మీరే తీసుకుపోండమ్మా" అని నవ్వేవారు.

ఈ చిక్కు నుంచి మమ్మల్ని గట్టెక్కించింది పట్టపుపాలెం నుంచి చేపల గంపతో వచ్చే ఆడవాళ్ళు. వాళ్ళుండే చోట ఇసుక మరీ తెల్లది, నీళ్ళు మరీ ఉప్పన, కూరగాయ మొక్క నిలవడం కష్టం. వాళ్ళకు గోంగూర, వంకాయ, దోసకాయ కావాలి; మాకు చేపలు కావాలి. ఆ బేరం డబ్బుతో జరిగేది కాదు. గంప దించి తలగుడ్డ విప్పుకుంటూ, "పెద్దమ్మా, గోంగూర ఎంతుంటే అంత పెట్టు, నెత్తళ్ళు నువ్వే కొలుచుకో" అనేది ఒకామె. అవ్వ గోంగూరను మోపులుగా కట్టి ముందే నీడన పెట్టి ఉంచేది, ఆమె వచ్చే వేళకు వాడితే బేరం దెబ్బతింటుందని. దోసకాయల బదులు ఎండుమెత్తళ్ళు, వంకాయల బదులు కానాగంతలు. మామిడి పిందెలు పడే రోజుల్లో ఇద్దరికీ పులుసు యావ ఒకేసారి మొదలయ్యేది కాబట్టి బేరం కాస్త గట్టిగా సాగేది. పులుసులోకి మా మునక్కాయ, వంకాయ వాళ్ళకు ఎంత అవసరమో, వాళ్ళ చేప మా పులుసుకు అంతే అవసరం. సముద్రం మీద వేట లేని రోజుల్లో కూడా ఆమె ఖాళీ గంపతో వచ్చి కూర తీసుకుపోయేది, వేట బాగా పడ్డ రోజున ఆ బాకీ తీర్చేది. అవ్వ ఏనాడూ రాసుకున్నది లేదు, వాళ్ళిద్దరికీ లెక్క తప్పిందీ లేదు.

1989 నవంబరు 8 రాత్రి కావలి దగ్గర తీరం దాటిన తుపాను మా పెరటికి తగిలిన దెబ్బలన్నింటిలోకీ పెద్దది. థాయిలాండు వైపు పుట్టి, అక్కడి నేలను దాటుకొని బంగాళాఖాతంలోకి వచ్చి, నేరుగా మా మీదికే వచ్చింది. ఊళ్ళో ఇళ్ళే నిలవని ఆ రాత్రి పెరటి గురించి ఎవరూ తలచుకోలేదు. మరునాడు వెనక తలుపు తీస్తే పందిళ్ళు లేవు, చిక్కుడు లేదు, అరటి లేదు, బొప్పాయిలు నడిమికి విరిగి పడ్డాయి, మునగచెట్టు వేళ్ళతో సహా దొరువులోకి ఒరిగి ఉంది. నిలబడి ఉన్న మొక్కల ఆకులు కూడా మరో రెండు రోజులకు నిప్పు తగిలినట్టు మాడాయి, గాలి మోసుకొచ్చిన సముద్రపు ఉప్పు తుంపరకు. అయితే నేలలోపల ఉన్నవన్నీ అలాగే ఉన్నాయి. కంద, చేమ, చిలగడదుంప తవ్వుకొని ఆ పది పదిహేను రోజులు మేమూ, మాతో పాటు మా పంచలో తలదాచుకున్న రెండు కుటుంబాలూ తిన్నాం. పడిపోయిన బొప్పాయి పచ్చికాయలు కూరకు, మునగాకు పప్పుకు సరిపోయాయి. మునగచెట్టును కొట్టి పొయ్యిలోకి వేస్తామనుకుంటుండగా నాయన దాని కొమ్మలను మూర మూర తుండాలుగా నరికించి, కంచె పొడుగునా పాతించాడు. ఆ తడికి ప్రతి కొమ్మా చిగురు వేసింది. మరుసటి ఏడు మా వీధిలో మునక్కాయలు కొనుక్కున్న ఇల్లు లేదు. తుపాను వానకు దొరువు అంచుల దాకా నిండి ఉండగా చల్లిన తోటకూర నెల తిరక్కుండా కోతకు వచ్చింది. అంత మెత్తటి తోటకూర నేను మళ్ళీ తినలేదు. ఆకలి వల్ల అలా అనిపించి ఉండవచ్చునని మా అక్క అంటుంది.

తుపాను ఒక ఏడాదిలో మానిపోయిన గాయం. మానకుండా మిగిలింది దొరువుకు తగిలిన ఉప్పు. తొంభైల మొదట్లో బకింగ్‌హామ్ కాలువకు, మా ఊరికి మధ్య ఉన్న పొలాలు ఒక్కొక్కటే రొయ్యల గుంటలయ్యాయి. వాటిలోకి ఎక్కించిన ఉప్పునీరు ఇసుకలోంచి మెల్లగా మా వైపుకు ఊరింది. మొదట చెప్పింది చిక్కుడు. కొత్త ఆకులు బాగానే వచ్చి, ముదిరేకొద్దీ అంచులు గోధుమ రంగుకు తిరిగి కరకరలాడేవి. తర్వాత బిందె అంచున తెల్లటి చారిక, ఆ తర్వాత పప్పు ఉడకకపోవడం. నాయన గుంటల యజమానుల దగ్గరికి పోయి మాట్లాడి వచ్చాడు, ఉపయోగం లేకపోయింది. సముద్రపు పోటు గీతకు 500 మీటర్ల లోపున్న రొయ్యల గుంటలను తొలగించాలని 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. మా పక్కనున్నవి ఆ 500 మీటర్లకు అవతల, ఊరి వైపున ఉన్నాయి కాబట్టి వాటికి ఆ తీర్పు తగల్లేదు. రెండు మూడేళ్ళకు రొయ్యలకు తెల్లమచ్చ రోగం వచ్చి వాళ్ళంతట వాళ్ళే వదిలేసి పోయారు. ఉప్పు మాత్రం మిగిలిపోయింది.

ఇసుకనేలకు ఉన్న ఒకే ఒక్క మంచి గుణం అప్పుడు అక్కరకు వచ్చింది. ఎరువును నిలుపుకోలేని నేల ఉప్పును కూడా నిలుపుకోలేదు. కార్తీకంలో నాలుగు పెద్ద వానలు పడితే పాదుల్లోని ఉప్పంతా కడిగేసుకొని కిందికి పోయేది. అందుకని మా అమ్మ పెరటి ఏడాదిని రెండు ముక్కలు చేసింది. వానల తర్వాత శివరాత్రి దాకా వంగ, బీర, చిక్కుడు వంటి సుకుమారమైనవి. శివరాత్రి దాటి దొరువు నీళ్ళు ఉప్పెక్కాక గోరుచిక్కుడు, పాలకూర, ఉప్పును లెక్కచేయని గంగవాయిలి కూర. వేసవిలో గోరుచిక్కుడు తినలేక మేము గొణుగుతుంటే, మజ్జిగలో ఊరబెట్టి వరుగులు చేసి, నూనెలో వేయించి పెట్టేది. గొణుగుడు ఆగిపోయేది. పక్కింటి వాళ్ళు పెరడు మానేసి ఆ చోట గదులు కట్టుకున్నది ఆ రోజుల్లోనే. వాళ్ళను తప్పు పట్టలేను, రోజూ ఉప్పునీళ్ళు మోసి మాడిన ఆకులు చూడడం ఎవరికైనా విసుగే.

విత్తనం విషయంలో మాత్రం మా ఇంట్లో ఎవరూ విసుక్కోలేదు. ప్రతి పాదులోనూ రెండో కాపు కాయల్లో మంచిదాన్ని ఒకటి ఎంచి, ఎవరూ కోయకుండా దానికి ఎర్రగుడ్డ కట్టేవారు. బీరకాయ పందిరి మీదే ఎండి, ఊపితే గలగలమనేదాకా ఉంచి, కొన విరిచి గింజలు రాల్చుకునేవాళ్ళం. సొర, గుమ్మడి గింజలను పేడలో అద్ది గోడకు కొడితే, మళ్ళీ అదను వచ్చేదాకా పురుగు ముట్టేది కాదు. వంగ గింజలు బూడిదలో కలిపి ఎండు సొరబుర్రలో పోసి, పొయ్యి పైన ఉట్టికి కట్టేవారు. దుకాణంలో కొన్న సంకర రకాల గింజలు దాచి వేస్తే మరుసటి ఏడు ఒక్కో మొక్క ఒక్కో రకంగా కాస్తుందని తెలిశాక, ఆ బుర్రలో వాటికి చోటు లేకుండా పోయింది.

ఇప్పుడు ఆ పెరడు మా అన్న, వదినల చేతిలో ఉంది. దొరువును పూడ్చలేదు గానీ వాడకం తక్కువ, కుళాయి నీళ్ళను డ్రమ్ముల్లో పట్టి సన్నటి గొట్టాలతో పాదులకు పెడుతున్నారు. నేను నెల్లూరులో మిద్దె మీద డబ్బాల్లో నాలుగు వంగ మొక్కలు, ఒక చిక్కుడు పాదు పెంచుతున్నాను. చిక్కుడు ఆ ఎర్ర అంచు రకమే, ఆషాఢంలోనే పెడతాను. సాయంత్రాలు మా చిన్నమ్మాయి సెల్‌ఫోను లైటు వేసి పట్టుకుంటే పక్కింటి వాళ్ళ బీరపాదుకు కూడా పూలు అద్ది వస్తుంటాం, దానికి కూలిగా రెండు కాయలు వస్తాయి. మొన్న మాఘంలో వదిన ఫోను చేసి, దోస విరగకాసిందని, బస్సులో ఒక గోతం వేసి పంపుతున్నానని చెప్పింది. అంతకు ముందు వారం పంపిన గోతమే ఇంకా వంటింట్లో ఒక మూలన ఉంది. వద్దని ఎలా చెప్పాలా అని నేను ఆలోచిస్తుండగా మా ఆవిడ ఫోను అందుకొని, "వదినా, దోసకాయలు మీరే ఉంచుకోండి, వాటిని పాలెం ఆమెకు ఇచ్చి ఎండుమెత్తళ్ళు పంపండి" అంది. ఆవిడ ఈ వారం రాలేదని, వస్తే అడుగుతానని వదిన చెప్పింది. గోతం మాత్రం ఆ సాయంత్రం బస్సుకే వచ్చింది.